చిల్లీదా శిల్పము: శూన్యమునకు రూపము

ఆరుబయట నిలిపిన అమూర్తశిల్పమును చూచి ‘ఇది యేమి?’ యని యడుగుట సహజము. స్పెయిను దేశపు బాస్కు శిల్పి ఎదువార్దో చిల్లీదా (1924–2002) కృతులలో పదార్థమెంత ముఖ్యమో, దాని నడుమ నున్న శూన్యమును అంత ముఖ్యమే.

సాన్ సెబాస్టియను నగరమున జన్మించిన ఇతడు తొలుత వాస్తువిద్య నభ్యసించి, దానిని విడిచి శిల్పకళను చేపట్టెను. 1951లో పారిసునుండి స్వదేశమునకు మరలిన పిమ్మట కమ్మరి కొలిమియే ఆతని శిల్పశాల యయ్యెను.

ఆతని ప్రసిద్ధకృతి ‘గాలి దువ్వెన’ 1977లో ఆ నగరపు సముద్రతీరమున వెలసెను. సుమారు 10 టన్నుల చొప్పున బరువుగల మూడు ఉక్కుశిల్పములు కడలిబండలలో నాటుకొని, వంకరవ్రేళ్ళవలె చాచియున్నవి. వాని సందులగుండ గాలి వీచును. అలలు వచ్చి తాకును. చెంతనే వాస్తుశిల్పి లూయిస్ పెన్యా గాంచెగీ రాతిమెట్ల ప్రాంగణమును నిర్మించెను. అలలు పోటెత్తినపుడు అందలి రంధ్రములనుండి గాలియు నీరును బుస్సున పైకి చిమ్మును. కావున అవి ఈ కృతికి అలంకారములు కావు, అవయవములు. వేఱుచోటికి కొనిపోయినచో మిగులునది ఉక్కు మాత్రమే.

1990లో హిహోను నగరపు కొండపై నిలిపిన ‘దిగంతస్తుతి’ 10 మీటర్ల ఎత్తుగల కాంక్రీటు శిల్పము. దాని నడుమ నిలిచినవారి చెవులకు సాగరఘోష మార్మ్రోగును. ఈ రెండింటికిని తలుపు లేదు, ప్రవేశరుసుము లేదు; దారిన పోవు ప్రతివానికిని అవి సొంతములే.