సారంగధరుడి తండ్రికి ఏమైంది?



మొన్న రాత్రి మా అమ్మాయికి సారంగధరుడి కథ చెప్పానండి. పావురం ఎగిరి సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలడం, దాని కోసం అతను వెళ్ళడం, ఆమె లేనిపోని నేరం మోపడం, రాజరాజ నరేంద్రుడు విచారించకుండా కొడుకు కాళ్ళూ చేతులూ నరికించడం. పిల్ల ముఖం చూసి, "సిద్ధుడొచ్చి మళ్ళీ బాగుచేశాడులే" అని గబగబా ముగించాను. "మరి వాళ్ళ నాన్నకి ఏమైంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

దాదాపు ఇదే కథను క్రీ.పూ. 428లో ఏథెన్స్‌లో యూరిపిడీస్ 'హిప్పోలిటస్' నాటకంగా ఆడించాడు. అక్కడ సవతి తల్లి ఫీడ్రా, తొందరపడ్డ తండ్రి థీసియస్. చనిపోయిన హిప్పోలిటస్‌ని వైద్యుడు అస్క్లీపియస్ బతికించాడని గ్రీకుల్లోనూ ఒక కథ ఉంది. యూరిపిడీస్ ఆ దారి పట్టలేదు. నిజం తెలుసుకున్న తండ్రి ఎదుటే, అతన్ని క్షమించి, కొడుకు కన్నుమూస్తాడు.

ఇలాంటి నాటకాలు ప్లేటోకి నచ్చలేదు. వడ్రంగి చేసే మంచం అసలు మంచమనే భావానికి అనుకరణ, చిత్రకారుడి మంచం ఆ అనుకరణకి అనుకరణ, కవి పనీ అంతే అన్నాడు. పైగా రంగస్థలం మీది ఏడుపు చూసి ఏడవడం అలవాటైతే, సొంత కష్టంలోనూ నిబ్బరం పోతుందని భయపడ్డాడు.

ఆయన దగ్గర ఇరవై ఏళ్ళు ఉన్న అరిస్టాటిల్ వేరేగా ఆలోచించాడు. మనిషి చిన్నప్పటినుంచీ అనుకరిస్తూనే నేర్చుకుంటాడు. నేరుగా చూడలేని బాధాకరమైన వాటిని కూడా బొమ్మలో నిలబడి చూస్తాం, ఎందుకంటే అందులో ఏదో అర్థమవుతుంది. విషాద నాటకం జాలినీ భయాన్నీ కలిగించి, వాటి ద్వారానే 'కథార్సిస్' అనే ప్రక్షాళన చేస్తుందన్నాడు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఏ తప్పూ లేని మంచివాడు నాశనమైతే మనకి కలిగేది జాలీ భయమూ కాదు, ఏవగింపు. దుర్మార్గుడు కాకపోయినా, ఏదో పొరపాటు వల్ల పడిపోయినవాడే విషాద నాయకుడు. ఆ పొరపాటుకి ఆయన వాడిన మాట 'హమార్తియా'. ఆ లెక్కన మన కథలో విషాద నాయకుడు సారంగధరుడు కాదు, నిజం ఆలస్యంగా తెలుసుకున్న తండ్రి. మా అమ్మాయి అడిగింది సరిగ్గా అతని గురించే!

అనుకరణ అంటే నకలు తీయడం కాదు. మన డునెడిన్‌లోనే 1961లో కేరీ దంపతులు లండన్ స్ట్రీట్‌లోని తమ ఇంటిని గ్లోబ్ థియేటర్‌గా మార్చారు. సోఫొక్లీస్ 'ఫిలొక్టీటిస్' ఆధారంగా కవి జేమ్స్ కె. బాక్స్టర్ రాసిన 'ది సోర్ ఫుటెడ్ మాన్' 1967లో అక్కడ ఆడింది. పాత కథ, కొత్త గొంతు.

మనవాళ్ళూ ఆ పని చేశారు. సంస్కృత నాటకానికి మంగళాంతం ఆనవాయితీ. బళ్ళారి న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) దాన్ని దాటి 'విషాద సారంగధర' రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు.

ఈసారి కథ చెప్పేటప్పుడు సిద్ధుణ్ణి తీసెయ్యనండి, అతను మన పెద్దలిచ్చినవాడు. కాకపోతే అతను వచ్చేముందు కాస్త ఆగుతాను. నిజం తెలిసి ఒంటరిగా కూర్చున్న ఆ తండ్రి దగ్గర మా అమ్మాయినీ కాసేపు కూర్చోబెడతాను. తొందరపడి తీర్పు చెప్పే తండ్రుల్లో నేనూ ఒకణ్ణి కదా!