మక్క దంటు చీల్చి చూస్తే

మహబూబాబాద్‌లో మక్క చేను పసుపెక్కినా, జనగామలో వరి మడి వెలసిపోయినా రైతుకు ముందుగా గుర్తొచ్చేది యూరియా బస్తానే. కానీ ఆకు పసుపెక్కడానికి నత్రజని ఒక్కటే కారణం కాదు. గంధకం, ఇనుము, జింకు చాలకపోయినా, చేనులో నీరు నిలిచినా పచ్చదనం పోతుంది. బస్తా చల్లేశాక అసలు కారణం తెలిసినా పెట్టిన ఖర్చు తిరిగిరాదు.

ఈ చిక్కుకు జవాబును పచ్చి మొక్కలోనే వెతికినవారిలో జార్జ్ హాఫర్ ముఖ్యుడు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి 1926లో ఆయన మొక్కజొన్న దంట్లను పరీక్షించే పద్ధతిని ప్రచురించాడు. దంటును కత్తితో నిలువునా చీల్చి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపిన డైఫినైలమిన్‌ను చుక్కగా వేస్తారు. నైట్రేటు ఉన్నచోట చిక్కటి నీలం తేలుతుంది. రంగే రాకపోతే మొక్కకు నత్రజని అందడం లేదన్నమాట.

పొటాష్ పరీక్ష ఇంకా విచిత్రం. పొటాష్ చాలని మక్కలో కణుపుల దగ్గర ఇనుము పేరుకుపోతుంది. అక్కడ పొటాషియం థయోసయనేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే కణుపు ఎర్రబడుతుంది. ఇనుము జాడ పట్టుకొని పొటాష్ లోటును కనిపెట్టడం హాఫర్ చూపుకు గొప్ప నిదర్శనం.

అయితే ఒక్క దంటును చూసి తీర్పు చెప్పకూడదు. అదే చేనులో ఏపుగా ఉన్న మొక్కనూ, అదే భాగం నుంచి, అదే వేళకు కోసి పక్కన పెట్టి చూడాలి. పైగా ఇందులో వాడే ఆమ్లం చర్మాన్ని కాల్చేస్తుంది. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకొని, పని తెలిసినవారే చేయాలి.

నీరు నిలిచిన వరి మడిలో ఈ నీలం రంగు అక్కరకు రాదు. అక్కడ నత్రజని ఎక్కువగా అమ్మోనియం రూపంలో ఉంటుంది. అందుకే వరికి ఆకు రంగుల పట్టిక వచ్చింది. జపాన్‌లో పుట్టిన ఈ ఆలోచనను ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆసియా రైతులకు చేరువ చేసింది. పైన పూర్తిగా విచ్చుకున్న లేత ఆకును, మన నీడ పడేలా నిలబడి, పట్టిక మీదున్న పచ్చరంగు పలకలతో పోల్చాలి. పది ఆకులు చూడాలి. అందులో ఆరు గాని అంతకు మించి గాని ఆ వరి రకానికి సూచించిన పలక కంటే వెలసి ఉంటేనే యూరియా వేయాలి.

జింకు సంగతి రంగు పలకకు దొరకదు. ఉత్తర భారతంలోని పంత్‌నగర్ వరిలో తుప్పు రంగు మచ్చలు తెచ్చే ఖైరా తెగులుకు మూలం జింకు లోపమేనని 1966లో శాస్త్రవేత్త వై.ఎల్. నెనె తేల్చారు.

భూపాలపల్లి పత్తిలో ఆకు ఎర్రబారితే అది మెగ్నీషియం లోపం కావచ్చు, పచ్చదోమ కావచ్చు, చలి కూడా కావచ్చు. ముందు ఆకు అడుగున దోమ ఉందేమో తిప్పి చూడాలి. అది లేకపోతే లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి నాలుగు సాళ్లకు పిచికారీ చేయాలి. ఎర్రబడ్డ పాత ఆకు మళ్లీ పచ్చబడుతుందని ఎదురు చూడనక్కర్లేదు. కొత్తగా వచ్చే ఆకులను పక్క సాళ్లతో పోల్చి చూశాకే మిగతా చేనుకు కొట్టాలి.