వాచిన కాలెల్ల బోదకాలు కాదు

గోదావరి డెల్టాలో కాలు వాచిన బోదకాలని తీర్పు చెప్పుట తరతరముల యలవాటు. ఆ రోగక్రిములకు మందు, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనవలన 1947లో లోకమునకు దక్కినది. అయితే బోదకాలు ఏండ్ల తరబడి పెరుగును. ఒక్క కాలే రెండు దినములలో వాచి, పిక్క నొచ్చి, వెచ్చబడెనా, అది లోతుసిరలో రక్తము గడ్డకట్టుట కావచ్చును. మంచముపట్టినవారికిని, శస్త్రచికిత్స జరిగినవారికిని, బాలెంతలకును ఈ భయము హెచ్చు. గడ్డ తెగి ఊపిరితిత్తులలో జిక్కెనేని గడియలలో ప్రాణము పోవచ్చును. మన యిండ్లలో ముసలమ్మలు ఆముదము రాచి పిక్క పిసుకుదురు. వారి వాత్సల్యమును మేము శంకింపము గాని, ఆ పిసుకుడే గడ్డను కదలింపవచ్చును. రోగిని ఆ పూటనే రాజమహేంద్రవరమునకో కాకినాడకో కొనిపోవలెనని మా మనవి. అల్ట్రాసౌండు పరీక్ష గడ్డజాడ జూపును. మందు గడ్డను పెరుగనీయదు. మెల్లగా కరగించుకొనునది దేహమే. అందుచే వాపు తీసినను, తఱచు మూడు మాసములకు తక్కువగాక, వైద్యుడు చెప్పువఱకు మందు మానరాదు.