పిల్లల మేధపై ఫినోబార్బిటాల్ ప్రభావము

ఫినోబార్బిటాల్ బార్బిచ్యురేట్ వర్గానికి చెందిన ఔషధము. 1912లో జర్మనీకి చెందిన బేయర్ సంస్థ దీనిని లూమినాల్ అనే పేరుతో, నిద్ర కలిగించే మందుగా విడుదల చేసింది. అదే సంవత్సరంలో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే వైద్యుడు ఇది మూర్ఛలను అరికడుతుందని గుర్తించాడు. ధర తక్కువ కావడం వలన భారతదేశంతో సహా అనేక దేశాలలో నేటికీ మూర్ఛరోగానికి దీనిని వాడుతున్నారు.

పనిచేసే విధానము

మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచే రసాయనము గాబా. ఫినోబార్బిటాల్ దాని ప్రభావాన్ని పెంచుతుంది. మూర్ఛ ఆగడానికి, మగత కలగడానికి, ఏకాగ్రత తగ్గడానికి కారణము ఇదే. కొందరు పిల్లలలో మాత్రం మగతకు బదులు చిరాకు, అతిచురుకుదనము కనిపిస్తాయి.

1990 నాటి పరిశోధన

జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చిన 217 మంది పసిపిల్లలపై అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 1990లో వెలువడ్డాయి. రెండేళ్ళ తరువాత, ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లలకంటే ఫినోబార్బిటాల్ ఇచ్చిన పిల్లల సగటు ప్రజ్ఞాలబ్ధి 8.4 పాయింట్లు తక్కువగా ఉంది. మందు మాన్పించిన ఆరు నెలలకు కూడా 5.2 పాయింట్ల తేడా కనిపించింది. ఫిట్స్ తిరిగి రావడం మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. సాధారణ జ్వరపు ఫిట్స్ నివారణకు ఈ మందును రోజూ ఇవ్వడాన్ని ఇప్పుడు వైద్యసంఘాలు సిఫారసు చేయడం లేదు.

జాగ్రత్తలు

మూర్ఛరోగానికి ఈ మందు వాడుతున్న పిల్లలకు దానిని అకస్మాత్తుగా ఆపరాదు. అలా ఆపితే ఎడతెరిపి లేని మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చు. చదువులో వెనుకబాటు, మతిమరుపు, ప్రవర్తనలో మార్పు గమనించినపుడు వైద్యుని సలహాతో మోతాదును క్రమంగా తగ్గించడము గాని, మందు మార్చడము గాని చేయాలి.