చూచిరాత కాదు.. చూచిగీత!

* డ్రాయింగ్‌ పరీక్షలో కాపీ కొడితే గీతే పట్టిస్తుంది
* స్నేహితుడికి చూపించినా ముప్పే

కాటన్‌పేట (బెంగళూరు): మెజెస్టిక్‌లో బస్సు దిగితే కాటన్‌పేట నడక దూరమే. అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి ఇంజినీరింగు చదువుకు వచ్చే పిల్లలకు నగరంలో ముందుగా పరిచయమయ్యే పేటల్లో ఇదొకటి. పాత పుస్తకాలకు పేరున్న అవెన్యూ రోడ్డుకు ఇక్కడి నుంచి నడిచే వెళ్లొచ్చు. పుస్తకమైతే దొరుకుతుంది కానీ మొదటి ఏడాది డ్రాయింగు మాత్రం అంత తేలిగ్గా చేతికి రాదు. ఇంటర్‌ దాకా బట్టీతో గట్టెక్కినవాళ్లూ ఇక్కడ తడబడతారు. వస్తువు పైనుంచి ఎలా ఉంటుందో, ముందునుంచి ఎలా ఉంటుందో కళ్లకు కట్టకపోతే చేయి కదలదు. చూపు పక్కవాడి మీదికి పోయేది అప్పుడే.

అద్దం కింద బల్బు
థియరీ పరీక్షలో పక్కవాడి జవాబు చదవాలంటే కష్టం. డ్రాయింగ్‌ షీటు అలా కాదు. బల్లంత కాగితం, పక్క వరుసలోంచి ఒక్క చూపు చాలు. ఇక హాస్టళ్లలో పాత విద్య ఒకటుంది. సీనియర్‌ షీటును అద్దంపై పరిచి, కింద బల్బు వెలిగించి, పైన తెల్ల కాగితం పెట్టి గీసేయడం. రికార్డు షీట్లు ఇలా పూర్తిచేసినవాళ్లే పరీక్షహాల్లో బిక్కమొహం వేసేది.

అనుభవమున్న ఎగ్జామినరుకు ఇలాంటివి ఇట్టే తెలిసిపోతాయి. కంపాస్‌తో గీసిన వృత్తానికి మధ్యలో ముల్లు గుచ్చిన చుక్క ఉంటుంది. చూసి దించినదానికి ఉండదు. సొంతంగా గీస్తే పైబొమ్మ నుంచి కిందిబొమ్మకు దించిన సన్నటి గీతలు కనిపిస్తాయి. నకలులో బొమ్మ ఉంటుంది, దారి ఉండదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం తప్పే. సరైన బొమ్మ ఒక్కటే కాబట్టి రెండు షీట్లు ఒకేలా ఉంటే నేరం కాదు. ఇద్దరూ ఒకే చోట ఒకే వింత తప్పు చేస్తేనే అనుమానం.

కంప్యూటర్‌ వచ్చాక
1998లో ఏర్పడిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం(వీటీయూ) కళాశాలల్లో ఈ పరీక్ష ఇప్పుడు కంప్యూటర్‌ ల్యాబులో జరుగుతుంది. 2018 నాటి స్కీములో 100 మార్కులకు 40 మార్కులు గ్రాఫ్‌ షీటుపై చేత్తో గీసిన స్కెచ్‌కు, 60 మార్కులు కంప్యూటర్‌ బొమ్మకు, ప్రింటుకు కేటాయించారు. సొంత కళాశాల ఎగ్జామినరు, బయటి ఎగ్జామినరు ఇద్దరూ కలిసి దిద్దాలి. పెన్‌డ్రైవులో ఫైలు తెచ్చినా, చేతి స్కెచ్‌తో అది పొసగకపోతే దొరికిపోయినట్లే.

ఫైలు కూడా గుట్టు విప్పుతుంది. ఎప్పుడు తయారైంది, చివరిగా ఎప్పుడు మార్చారనే వివరాలు అందులోనే ఉంటాయి. అయితే ఇక్కడో చిక్కుంది. ల్యాబులో చాలా యంత్రాలకు ఒకే లాగిన్‌ పేరు ఉండొచ్చు, గడియారాలు తప్పుండొచ్చు. ఆ వివరాలు ఒక్కటే చూసి శిక్షిస్తే ఏ పాపం ఎరుగని పిల్లవాడు బలైపోతాడు. అందుకే పక్కన నిలబడి ‘ఈ గీత ఎందుకు గీశావు?’ అని అడగడం మేలు. గీసినవాడు చెబుతాడు, దించినవాడు నీళ్లు నములుతాడు.

పట్టుకోవడం కన్నా రాకుండా చూడటం సులువు. ల్యాబు నెట్‌వర్కు, పెన్‌డ్రైవు దారులు మూసేయాలి. పక్కపక్క సీట్లకు అంకెలు మార్చివ్వాలి. ప్రిజం అక్షం నేలతో చేసే కోణం 30 డిగ్రీలకు బదులు 45 అంటే చాలు, పక్కవాడి బొమ్మ పనికిరాదు.

ఇచ్చినవాడికీ శిక్షే
సరిహద్దుకు అటువైపు జేఎన్‌టీయూ నిబంధనలు చూస్తే, సాయం తీసుకున్నవాడికే కాదు, చేసినవాడికీ ఆ సబ్జెక్టు రద్దవుతుంది. హాల్లో తప్పించుకున్నా దిద్దేటప్పుడు కాపీ అని తేలితే ఆ సెమిస్టరులో రాసిన సబ్జెక్టులన్నీ పోతాయి. ఒకరి బదులు మరొకరు రాస్తే సీటుకే ఎసరు. 2024లో కేంద్రం తెచ్చిన పరీక్షల అక్రమాల నిరోధక చట్టం యూపీఎస్సీ, ఎన్‌టీఏ వంటి సంస్థల పరీక్షలకే. సెమిస్టర్‌ పరీక్షలకు వర్సిటీల నిబంధనలే దిక్కు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన ఇంట్లో సెమిస్టరు పోవడమంటే మాటలు కాదు. మొహమాటానికి షీటు చూపించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వీటీయూకు ఎవరి పేరు పెట్టారో ఆ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక నగర రక్షణకు ఆయన ఇచ్చిన పథకం ఫలితమే గండిపేట, హిమాయత్‌సాగర్‌ జలాశయాలు. అలాంటి పని ముందు గీతగా కాగితంపై పుడుతుంది. కాగితంపై తప్పితే రబ్బరుతో చెరపొచ్చు. కట్టాక తప్పితే చెరిపేదెవరు?