అంగడిలోని చొక్కా - కుట్టిన చేయి

ఐరోపాలో చొక్కా కొనువాడు మెడపట్టీ లోపలి చిన్న చీటీని చూచినచో, 'బంగ్లాదేశములో తయారైనది' అని యుండును. అది సగము నిజమే. ఆ చొక్కాకు పత్తి భారతదేశమునుండియో, అమెరికానుండియో, ఆఫ్రికానుండియో వచ్చి యుండవచ్చును. నూలు ఒకచోట వడికి, గుడ్డ మరియొకచోట నేసి, గుండీలు ఇంకొక దేశమునుండి తెప్పించి, ఢాకా నగర ప్రాంతమున కుట్టి, చిట్టగాంగు రేవులో ఓడ కెక్కింతురు. ఇన్ని చేతులు మారు ఈ వరుసనే సరఫరా గొలుసు అందురు.

ఇందలి విశేషమేమనగా, చొక్కాపై ఎవరి పేరుండునో ఆ కంపెనీకి సాధారణముగా సొంత కుట్టు కర్మాగారమే యుండదు. నమూనాను, ధరను, గడువును నిర్ణయించి అది ఆర్డరు ఇచ్చును. ఆ ఆర్డరు కొరకు పలు దేశముల యజమానులు పోటీపడుదురు. ఆర్డరు దక్కినవాడు అప్పు చేసియైనను గుడ్డను ముందుగా కొనవలెను. సరకు ఓడ కెక్కిన పిదప, తరచుగా రెండు మూడు నెలలకు గాని సొమ్ము చేతికి రాదు. గడువు తప్పినచో ధర తగ్గింతురు. లేదా తన ఖర్చుతో విమానముపై సరకు పంపవలసి వచ్చును. గుడ్డ ధర, బ్యాంకు వడ్డీ అతని వశములో లేవు. వశములో నున్నవి కూలి, పని గంటలు, కట్టడపు భద్రత. కావున పైన పుట్టిన ఒత్తిడి క్రిందికి దిగి, కుట్టు యంత్రము ముందు కూర్చున్న మనిషిపై పడును. బంగ్లాదేశములో ఆ మనిషి చాలవరకు పల్లెనుండి వచ్చిన స్త్రీ.

2013 ఏప్రిల్ 23న ఢాకా సమీపమున సావార్‌లో, రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల మేడ బీటలు వారినది. పై అంతస్తులు అనుమతి లేకయే కట్టినవి. క్రింది భాగమున నున్న బ్యాంకు తన ఉద్యోగులను పంపివేసినది, దుకాణములు మూతపడినవి. పైనున్న 5 వస్త్ర కర్మాగారములవారిని మాత్రము మరునాడు పనికి రమ్మనిరి. రాకున్నచో జీతము పోవునని బెదిరించిరని, బ్రదికి బయటపడినవారు చెప్పిరి. 24వ తేదీ ఉదయము మేడ కూలినది. 1,134 మంది మరణించిరి. రెండు వేలకు పైగా గాయపడిరి.

అవే బీటలను చూచి బ్యాంకు మూసికొనగలిగినది. కర్మాగారములేల మూసికొనలేదు? బ్యాంకునకు ఒక దినపు సెలవు స్వల్ప నష్టము. కర్మాగారమునకు ఓడ గడువు తప్పును. ఇంతమాత్రమున యజమానుల దోషము తొలగదు. కాని దోషము వారితోనే ఆగునని తలచుట పొరపాటు.

2013 మే నెలలో కార్మిక సంఘములు, విదేశీ వస్త్ర కంపెనీలు భద్రతా ఒప్పందము చేసికొన్నవి. తరువాత 200కు పైగా కంపెనీలు దానిలో చేరినవి. ఇది చట్టరీత్యా కట్టుబడవలసిన ఒప్పందము. స్వతంత్ర ఇంజనీర్లు కర్మాగారములను పరీక్షించి, లోపములను బహిరంగముగా ప్రకటించిరి. సరిదిద్దనివారికి ఆర్డర్లు నిలిచిపోయినవి. అపాయమున్నచోట పనికి నిరాకరించు హక్కు కార్మికునకు దక్కినది. గొలుసు పైకొనను పట్టుకొన్నందుననే క్రిందికొన కదలినది.

అయినను కూలి మాట వేరు. 2023 డిసెంబరులో కనిష్ఠ వేతనము నెలకు 12,500 టాకాలైనది. కార్మిక సంఘములు కోరినది 23,000. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు, అప్పటికే కుట్టి సిద్ధము చేసిన సరకునకు సైతము పెక్కు కంపెనీలు ఆర్డర్లు రద్దుచేసినవి. నష్టము మరల క్రిందికే దిగినది.

ఒప్పందము గోడలను పటిష్ఠపరచినది. ధరను, గడువును పైవారే నిర్ణయించు పద్ధతిని మాత్రము తాకలేదు. కొనువారు, కొనిపించువారు ఆ సంగతిని గుర్తించి, గుడ్డ ధరతోపాటు కుట్టిన చేతి బ్రతుకును గూడ లెక్కలో చేర్చునంతవరకు ఈ పని సగములోనే యున్నదని చెప్పవలెను.