మౌనంగా ఉండేవారికి ఆరుబయలు

నందికొండలో సాయంత్రం పూట సాగర్ నీళ్లను చూస్తూ ఒంటరిగా కూర్చునే పిల్లల గురించి, “వీడికేమైనా జబ్బా?” అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. జబ్బు కాదు. కొందరి స్వభావమే అంత. స్విట్జర్లాండ్ వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో తన పుస్తకంలో ఇలాంటివారిని అంతర్ముఖులన్నారు. పెళ్లిలోనో, సంఘ కూడికలోనో ఎక్కువసేపు గడిపితే వీరు అలసిపోతారు. చెట్ల కింద నడిస్తే, పక్షులను చూస్తే తేరుకుంటారు. అక్కడ ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు కదా! యేసు ప్రభువు కూడా తెల్లవారకముందే లేచి, ఏకాంతంగా ప్రార్థించడానికి వెళ్లిన సంగతి మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది.

కనుక వారిని బలవంతంగా జనంలోకి తోయకండి. ఎండ ముదరకముందే నడిచి రానివ్వండి. ఎటు వెళ్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్లమనండి, నీటి అంచుకు దిగవద్దనండి.

అయితే ఒక్క తేడా గమనించాలి. ఇష్టంగా నడిచే మనిషి ఆ నడక కూడా మానేసి, నిద్ర, ఆకలి తగ్గి, రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ఆసుపత్రికి తీసుకురండి, చికిత్సతో చాలామంది కోలుకుంటారు. చావు మాటలు మాట్లాడితే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకురావాలి. రాత్రివేళయినా టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.